రోమ్ వస్తున్న అమ్మకు ఏం పెట్టాలి?

ప్రశ్న: నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. అందరం కలిసి అయిదు రోజులు రోమ్ చూడాలనుకుంటున్నాం. టెర్మినీ స్టేషన్ దగ్గర గది తీసుకున్నాం. అమ్మ మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టదు. ఉల్లి, వెల్లుల్లితో ఇబ్బంది లేదు. నాన్న, మావారు, నేను అన్నీ తింటాం. ఏడేళ్ళ బాబుకు పిజ్జా ఉంటే చాలు. పోయినసారి ప్యారిస్ వెళ్ళినప్పుడు అమ్మ నాలుగు రోజులూ చిప్స్‌తో, అరటిపళ్ళతో గడిపింది. ఈసారి అలా కాకూడదు. టెర్మినీ దగ్గర మంచి ఇండియన్ రెస్టారెంట్లు ఏవో చెప్పండి. టూరిస్టులకు బిల్లు ఎక్కువ వేస్తారని విన్నాం, అదొక టెన్షన్.

సమాధానం: మీ ఉత్తరంలో అరటిపళ్ళ సంగతి చదివాక మిగతాది చదవడానికి కాసేపు పట్టింది. అంత దూరం వచ్చిన మనిషి, నలుగురూ తింటుంటే పక్కన కూర్చుని చూస్తూ ఉండడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అత్తయ్యగారిని రోమ్ తీసుకెళ్ళినప్పుడు మొదటి రెండు రోజులు మాకూ అదే జరిగింది. మూడో రోజు నుంచి ఆవిడ మాకంటే బాగా తిన్నారు. ఆ తేడా ఎలా వచ్చిందో చెబుతాను.

ముందు మీరడిగిన దానికి జవాబు. టెర్మినీ చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లు చాలానే ఉన్నాయి. వెతకక్కర్లేదు, నాలుగు వీధులు తిరిగితే అవే కనిపిస్తాయి. బాగా అలిసిపోయి, ఇక అన్నం తప్ప ఏదీ వద్దనిపించిన రాత్రి ఒకసారి వెళ్ళండి. కానీ రోజూ వాటి మీద ఆధారపడొద్దు. అక్కడ ఎక్కువగా దొరికేది నాన్, పనీర్ కూర. తెనాలి నుంచి వచ్చినావిడకు అదీ పరాయి తిండే. రోమ్ వాళ్ళు ఇళ్ళలో వండుకునే ఆకుకూరలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు అంతకంటే దగ్గరగా ఉంటాయి. ఇది నేను మీ మనసు తేలికపరచడానికి చెప్పడం లేదు, మా అత్తయ్యగారి కంచంలో చూసి చెబుతున్నాను.

"చికోరియా రిపస్సాతా" అన్న పేరు రాసిపెట్టుకోండి. చికోరియా కొంచెం చేదుగా ఉండే ఆకుకూర. దాన్ని ఉడికించి, నీళ్ళు పిండేసి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప వేసి మళ్ళీ వేయిస్తారు. రోమ్‌లో దాదాపు ప్రతి మామూలు హోటల్లోనూ ఉంటుంది. మెనూలో దాన్ని పాస్తాల దగ్గర వెతకొద్దు. చివర్లో "కొంతోర్నీ" అని ఒక భాగం ఉంటుంది, అంటే పక్కన పెట్టుకునే కూరలు. మీ అమ్మగారి భోజనం చాలావరకు ఆ భాగంలోనే ఉంది. మేము రెండు రోజులు ఆ పేజీ దాకా వెళ్ళనే లేదు. మూడో రోజు పక్క టేబుల్ మీద పచ్చగా కనబడితే వేలు పెట్టి చూపించి తెప్పించాం. రొట్టె ముక్కతో అద్దుకుని తిని, "ఇది మన వేపుడే కదమ్మా" అన్నారు అత్తయ్యగారు. ఇంకో ప్లేటు అడిగారు.

ఇక జాగ్రత్తపడవలసిన సంగతులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పొరపాటు జరిగేది ఇక్కడే. "మేము వెజిటేరియన్" అని చెబితే రోమ్‌లో అందరికీ అర్థమవుతుంది. కానీ వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. చేప ఉప్పుగా, రుచి కోసం కొద్దిగా కలిస్తే, అది చేప అన్న సంగతే కొందరికి తట్టదు. "అలీచి" అని ఉంటాయి, మన నెత్తళ్ళలాంటి చిన్న చేపలు, ఉప్పులో ఊరబెడతారు. చలికాలం నుంచి వసంతం మొదలయ్యేదాకా వచ్చే "పుంతరెల్లే" అనే పచ్చి ఆకుల సలాడ్‌లో వీటిని వెల్లుల్లితో నూరి కలుపుతారు. మాకు మొదటి రోజు జరిగింది ఇదే. ఆకులే కదా అని తెప్పించాను. అత్తయ్యగారు రెండుసార్లు నోట్లో పెట్టుకుని, "నీచు వాసన వస్తోందేమిటి" అన్నారు. అడిగితే అప్పుడు చెప్పారు. ఆవిడ ఫోర్క్ పక్కన పెట్టేసి నీళ్ళు తాగారు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తప్పు పూర్తిగా నాది, అడగకుండా తెప్పించాను. మీరు ఆ పని చేయకండి. గుమ్మడిపువ్వు బజ్జీ, అంటే "ఫియోరి ది జుక్కా", చూస్తే మన వంటలాగే ఉంటుంది. దానిలోపల కూడా మొజరెల్లా చీజ్‌తో పాటు ఒక అలీచి ముక్క పెట్టడం ఆనవాయితీ.

పాస్తాల్లో రోమ్‌కు పేరు తెచ్చినవి నాలుగు: కార్బొనారా, అమాత్రిచానా, గ్రిచా, కాచో ఎ పేపె. మొదటి మూడింటిలో పంది దవడ భాగం నుంచి చేసే "గ్వాంచాలే" ఉంటుంది. కార్బొనారాలో గుడ్డు కూడా. అమాత్రిచానా ఎర్రగా, ఉత్త టమోటా పాస్తాలా కనిపిస్తుంది కాబట్టి దానితో మరీ జాగ్రత్త. కాచో ఎ పేపె సాస్‌లో పెకొరీనో చీజ్, మిరియాలు మాత్రమే. బియ్యం, చీజ్‌తో వేయించిన ఉండ "సుప్లీ"ని వీధి పక్కన అమ్ముతారు. మామూలు సుప్లీలో మాంసం సాస్ ఉంటుంది. చిక్కుళ్ళ సూప్, కూరగాయల సూప్ అన్నవాటిని మాంసం ఉడికించిన నీళ్ళతో చేయవచ్చు. "బ్రోదో ది కార్నె?" అని అడగండి. ఎండు స్పగెట్టి, పెన్నే గోధుమ రవ్వతో, నీళ్ళతో చేసినవే. తాజాగా చేసే ఫెత్తుచ్చీనే లాంటి వాటిలో మాత్రం గుడ్డు ఉంటుంది.

ఇంకొక మాట ఉంది, చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. పెకొరీనో రొమానో గొర్రె పాల చీజ్. ఆ పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పర్మిజానో చీజ్‌కు దూడ కడుపుది. ఇటలీలో పాతకాలం నుంచి వస్తున్న చాలా చీజ్‌లది ఇదే పద్ధతి. కొందరు శాకాహారులు దీన్ని పట్టించుకోరు, కొందరికి అసలు పనికిరాదు. అది మీ అమ్మగారు తేల్చుకోవలసిన విషయం. ఆవిడ బయల్దేరకముందే, ఇంట్లో ఉండగానే ఫోన్లో చెప్పండి. టేబుల్ దగ్గర, కంచం ముందుకొచ్చాక చెప్పొద్దు.

చీజ్ వద్దంటే ఏమీ ముంచుకుపోలేదు. "స్పగెట్టి ఆల్యో, ఓల్యో ఎ పెపెరొంచీనో" అంటే వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరప. ఇంతే, ఇంకేమీ ఉండదు. "పెన్నే అల్లర్రబ్బియాతా" టమోటా, వెల్లుల్లి, మిరపకాయతో చేస్తారు. అర్రబ్బియాతా అంటే కోపం వచ్చినది అని అర్థం, కారం వల్ల వచ్చిన పేరు. మన నోటికి ఆ కారం ఒక మోస్తరే. రెండింటికీ "సెంజా ఫొర్మాజ్జో" అనండి, చీజ్ చల్లకుండా ఇస్తారు. "పిజ్జా మరినారా" పేరులో సముద్రం ఉన్నా అందులో చేప ఉండదు, టమోటా, వెల్లుల్లి, ఒరెగానో మాత్రమే. రొట్టె దుకాణాల్లో దొరికే "పిజ్జా రొస్సా" అలాంటిదే.

మీరు సరిగ్గా ఆర్టిచోక్ కాలంలో వస్తున్నారు. రోమ్‌లో దాన్ని "కార్చోఫో" అంటారు. చూడడానికి పెద్ద తామర మొగ్గలా ఉంటుంది. తినడానికి యూదుల పాత పేటకు, గెట్టోకు వెళ్ళండి. 1555లో నాలుగో పాల్ పోప్ రోమ్‌లోని యూదులందరినీ టైబర్ నది పక్కన గోడల మధ్య ఈ ఇరుకు చోట ఉండమని ఆజ్ఞ వేశాడు. 1870లో రోమ్ ఇటలీ రాజ్యంలో కలిసేదాకా ఆ కట్టుబాట్లు పూర్తిగా తొలగలేదు. ఆ ఇరుకులో, ఉన్న కొద్దిపాటి వస్తువులతో వండుకున్నవాళ్ళ చేతి వంట ఇవాళ రోమ్ మొత్తానికి గర్వం. "కార్చోఫి అల్లా జుదియా" అంటే ఆర్టిచోక్‌ను పువ్వులా విప్పి నూనెలో రెండుసార్లు వేయిస్తారు. బయటి రేకులు అప్పడంలా కరకరలాడతాయి, లోపలి భాగం వెన్నలా ఉంటుంది. చేత్తోనే తినాలి.

పోర్తికో దొత్తావియా వీధిలో ఈ హోటళ్ళన్నీ వరుసగా ఉంటాయి. మీ అమ్మగారికి అక్కడ ఒక సౌకర్యం ఉంది. యూదుల కోషర్ నియమం ప్రకారం మాంసం, పాలు కలవకూడదు. అందుకని కొన్ని కోషర్ హోటళ్ళు మాంసానివి, కొన్ని పాలవి. పాల హోటల్ వంటింట్లోకి మాంసం రాదు. లోపలికి వెళ్ళేముందు "కార్నె ఓ లాత్తె?" అని అడగండి, లాత్తె అంటే కూర్చోండి. చేప, గుడ్డు మాత్రం వాళ్ళు వాడతారు, అవి విడిగా అడగాల్సిందే. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటిపడేదాకా సబ్బాతు కాబట్టి కోషర్ హోటళ్ళు ఉండవు. ఏప్రిల్‌లో పాసోవర్ పండగ పడితే ఆ వారం రొట్టె, మామూలు పాస్తా ఉండవు. తేదీ చూసుకుని వెళ్ళండి.

వాటికన్ మ్యూజియంలు చూసిన రోజు మధ్యాహ్నం, అలసటలో ఎదురుగా కనబడిన హోటల్లో కూర్చోవద్దు. పది నిమిషాలు నడిస్తే చీప్రో మెట్రో స్టేషన్ దగ్గర, మెలోరియా వీధిలో బోంచి పిజ్జారియుమ్ ఉంది. గాబ్రియేలే బోంచి 2003లో మొదలుపెట్టిన దుకాణం. పిజ్జాను పెద్ద పళ్ళాల్లో కాల్చి, మీరు చూపించినంత కత్తెరతో కోసి, తూకం వేసి అమ్ముతారు. కూరగాయలవి ఎప్పుడూ రెండు మూడు రకాలుంటాయి. వేలితో ఎంతో చూపించండి, లేకపోతే అవసరానికి మించి కోస్తారు. నిలబడి తినాలి, అది పెద్దవాళ్ళకు కొంచెం కష్టం. ఈ తూకం పిజ్జా ఊరంతా దొరుకుతుంది, దీన్ని "పిజ్జా అల్ తాల్యో" అంటారు. మీ బాబు సమస్య దీనితో తీరిపోయింది. కాంపో దె ఫియోరి చౌకు మూలనున్న ఫోర్నో అనే రొట్టె దుకాణంలో పిజ్జా బియాంకా పొద్దున్నే వేడివేడిగా తీస్తారు. పైన ఉప్పు, ఆలివ్ నూనె తప్ప ఏమీ ఉండదు. అమ్మగారికి టిఫిన్‌కు ఇది పనికొస్తుంది. ఎక్కడ కొన్నా "సెంజా స్త్రుత్తో?" అని ఒక్కసారి అడగండి, అంటే పందికొవ్వు లేదు కదా అని. కొర్నెత్తో అనే తీపి రొట్టె అమ్మకు పెట్టొద్దు, అందులో గుడ్డు ఉంటుంది.

నాన్నగారి కోసం తెస్తాచ్చో పేట. ఒకప్పుడు అక్కడ నగరపు పెద్ద కబేళా ఉండేది, 1975లో మూసేశారు. మంచి మాంసం డబ్బున్నవాళ్ళకు పోగా, మిగిలిన పేగులు, బోటీ, తోక కూలీల పాలయ్యేవి. వాటిని రుచిగా వండడం నేర్చుకున్న పేట ఇది. ఆ వంటలకు "క్వింతో క్వార్తో", అయిదో పావు, అని పేరు. తలకాయ కూర, బోటీ తిని పెరిగినవారికి ఇది కొత్త కాదు. ఒకటి గుర్తుంచుకోండి: ఇక్కడి తోక కూర, పేగుల వంటలు దాదాపుగా ఎద్దు, ఆవు, దూడవి. మీరు "అన్నీ తింటాం" అన్నారు గానీ బీఫ్ తింటారో లేదో రాయలేదు. తినకపోతే "అబ్బాక్కియో" అడగండి, లేత గొర్రెపిల్ల మాంసం, వసంతంలో బాగుంటుంది.

పాత కబేళా పక్కనే తెస్తాచ్చో సంత ఉంది, 2012లో ఈ కొత్త చోటికి మార్చారు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఉంటుంది, ఆదివారం సెలవు. ఒకరు మాంసం సాండ్‌విచ్, ఒకరు పిజ్జా, ఒకరు పండ్లు తెచ్చుకుని ఒకే చోట కూర్చుని తినవచ్చు కాబట్టి మీలాంటి కుటుంబానికి చాలా అనువు. ఆ పేటలోనే పుట్టిన "త్రాపిజ్జీనో" చూడండి. మూడు మూలల పిజ్జా రొట్టెను జేబులా కోసి అందులో కూర పెడతారు. వంకాయ కూరతో చేసినదీ ఉంటుంది, చీజ్ తినేట్లయితే అమ్మకు అది. రాత్రి కూర్చుని తినాలంటే ఫ్లావియో అల్ వెలవేవొదెత్తో మంచి చోటు. మోంతె తెస్తాచ్చో గుట్టను ఆనుకుని కట్టిన హోటల్. అది మట్టిగుట్ట కాదు, ప్రాచీన రోమన్లు నూనె దిగుమతి చేసుకున్న కుండలను పగలగొట్టి పేర్చగా సుమారు 35 మీటర్ల ఎత్తు పెరిగిన పెంకుల గుట్ట. హోటల్ లోపలి అద్దాల్లోంచి ఆ పెంకుల వరసలు కనిపిస్తాయి. బాబుకు చూపించండి.

ఏ అనుమానమూ లేకుండా అమ్మ మెనూ మొత్తంలోంచి ఎంచుకోవాలనుకుంటే మర్గుత్తా వీధిలో ఇల్ మర్గుత్తా ఉంది, 1979 నుంచి నడుస్తున్న శాకాహార హోటల్. గుడ్డు సంగతి అక్కడా అడగాలి. మిగతావాటికంటే ఖరీదు, అయినా ఒక పూట ఆవిడ కోసం అందరూ వెళ్ళదగిన చోటు.

ఇప్పుడు బిల్లు గురించి. రోమ్‌లో మోసం కంటే, మనకు తెలియని లెక్కలే ఎక్కువ. ఇటలీలో చాలాచోట్ల తలకు ఇంతని "కొపెర్తో" వేస్తారు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006 చట్టం దాన్ని వద్దంది. దాని బదులు బిల్లులో "పానె", అంటే రొట్టె, అని కనిపిస్తుంది. రొట్టె వద్దనుకుంటే తెచ్చినప్పుడే తిప్పి పంపండి. మీరైతే ఉంచుకోండి, చికోరియాలోకి కావాలి. అసలు దెబ్బ తగిలేది చేప దగ్గర. ధర పక్కన "ఎత్తో" అని ఉంటే అది ప్లేటు ధర కాదు, నూరు గ్రాములది. చేపను తూచి, మొత్తం ఎంతవుతుందో చెప్పించుకున్నాకే సరే అనండి.

కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో ధర, పాంథెయోన్ లాంటి చోట్ల కొన్ని రెట్లు. అది మోసం కాదు, ధరల పట్టీలో రాసే ఉంటుంది. చాలా బార్లలో ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి, ఆ చీటీ కౌంటర్ మీద పెట్టి కాఫీ అడగాలి. నాన్నగారిని సాంత్ యుస్తాకియోకు తీసుకెళ్ళండి, 1938 నుంచి ఉన్న కాఫీ దుకాణం. షుగర్ ఉంటే ముందే "సెంజా జుక్కెరో" అనాలి, అడగకపోతే పంచదార కలిపే ఇస్తారు. పాల కాఫీకి "కప్పుచ్చీనో" అనండి, ఉత్త "లాత్తె" అంటే గ్లాసుడు పాలు తెచ్చిపెడతారు.

మంచినీళ్ళు కొనక్కర్లేదు. వీధుల్లో వంగిన ముక్కులాంటి గొట్టంతో ఇనుప కొళాయిలు ఉంటాయి, "నజోనీ" అంటారు. 1874 నుంచి ఉన్నాయి, ఇప్పుడు సుమారు 2,500. అన్నీ తాగే నీళ్ళే. సీసాలు నింపుకోండి. స్పానిష్ మెట్ల మీద మాత్రం కూర్చోవద్దు, 2019 నుంచి జరిమానా వేస్తున్నారు.

అమ్మానాన్నలు పచ్చళ్ళు, కందిపొడి తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి వద్దని చెప్పండి. పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. మీ గదిలో వంటిల్లు ఉంటే టెర్మినీకి దగ్గర్లోనే ఎస్క్విలీనో సంత ఉంది. బంగ్లాదేశ్ వాళ్ళ దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, బెండకాయలు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. ఆదివారం ఉండదు.

ఈ వాక్యం ఫోన్లో పెట్టుకుని ఎక్కడ కూర్చున్నా ముందు ఇది చెప్పండి: "మీయా మాద్రె నోన్ మాంజా నే కార్నె, నే పేషె, నే వోవా. నెమ్మేనో అలీచి." మా అమ్మ మాంసం, చేప, గుడ్డు తినదు, అలీచి కూడా. అమ్మ పేరు ఎత్తితే వాళ్ళు శ్రద్ధగా వింటారు, చాలాసార్లు లోపలికెళ్ళి వంటమనిషిని అడిగి వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి రమ్మని పిలిచే చోట్లకూ, ఫొటోల మెనూ అయిదు భాషల్లో వేలాడదీసిన చోట్లకూ వెళ్ళకండి, అక్కడ అడగడానికి ఎవరికీ తీరిక ఉండదు. రాత్రి భోజనం ఏడున్నర తర్వాతే మొదలవుతుంది. అప్పటిదాకా బాబుకు ఆకలి ఆగదు, ఆరింటికి పిజ్జా ముక్క ఒకటి పెట్టండి.

చేరిన రోజు దూరం పోకండి, గదికి దగ్గర్లో ఎనిమిదింటికి టేబుల్ చెప్పుకోండి. చికోరియా రెండు ప్లేట్లు తెప్పించండి. ఒకటి అమ్మకు, ఇంకొకటి మీ నలుగురికీ.